అవతలి ఊరి ఆటో

వలల గొడవలో మా మండలంలోని రెండు రేవు ఊళ్లు కొట్టుకున్నాయి. కేసులకు భయపడి మగవాళ్లు ఊరొదిలేశారు. అందులో ఒక ఊళ్లో తల్లిలేని పిల్ల జ్వరంతో పడి ఉందని తెలిసి, పిల్లల సంరక్షణ ఆఫీసు మేడమ్, వేరే ఊరి పిల్లల కమిటీలో ఉన్న నేను సంతబొమ్మాళిలో ఆటో ఎక్కి వెళ్లాం.

దిగేసరికి ఆడవాళ్లు తెడ్లతో చుట్టుముట్టారు. ఆటో వెనక అవతలి ఊరి అమ్మవారి పేరు రాసి ఉంది. ఎక్కేటప్పుడు మేం చూసుకోలేదు.

"పిల్లనెత్తుకుపోయి దాని బాబుని రప్పించుకుందావనా?" అంది పిల్ల నాయనమ్మ.

మేడమ్ కార్డు చూపించింది. "పోలీసోళ్లకీ ఉంటాయి కార్డులు" అని ఒకామె తెడ్డెత్తింది.

లోపల పిల్ల మూలుగుతోంది.

"నాయనమ్మా, నువ్వే తీసుకెళ్లు టెక్కలి ఆస్పత్రికి. పిల్ల ఫోన్లో మాటాడీదాకా నేనిక్కడే కూకుంటాను" అన్నాను.

"మాటాడకపోతే నిన్నేటి సేత్తాం ముసిల్దానా? ఉప్పేసి ఎండబెట్టినా ఎవలూ కొనరు" అంది తెడ్డామె. ఎవరూ నవ్వలేదు.

వేరే బండి లేక, మేడమ్‌తో కలిసి నాయనమ్మ పిల్లను అదే ఆటోలో తీసుకెళ్లింది. తెడ్డామె నా పక్కనుంచి కదల్లేదు. అన్నం పెట్టారు, కలిపి వదిలేశాను. దారిలో పిల్లకేమైనా అయితే నన్ను ఆ ఇసకలోనే పాతేస్తారనుకున్నాను.

పొద్దువాలాక ఫోన్ మోగింది. "సూదేసినారు, బన్ను తిన్నాను" అంది పిల్ల. తెడ్డామె అక్కడే కూలబడి ఏడ్చింది.

నన్నందరూ ధైర్యవంతురాలంటారు. అబద్ధం. ఇక్కడే ఉంటానన్న మరుక్షణమే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. నోరు పెగల్లేదు, అంతే.