వెనుక బెంచీలో కూర్చునే మా సోమ్లన్న

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న పొద్దున స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. మా స్కూల్లో రిటైర్ అయిన హిందీ సార్.

"మేడం, మన సోమ్లన్న పోయిండు" అన్నారు.

ఏ సోమ్లన్న అని అడిగాను చూడండి! మాకు తెలిసిన సోమ్లన్న ఒక్కడే. అయినా అడిగాను.

గుండెపోటట. భూపాలపల్లి దవాఖానకు తీసుకెళ్లేలోపే అంతా అయిపోయిందట.

బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సోమ్లన్న మా హైస్కూల్లో మ్యాథ్స్ చెప్పేవాడు. మహబూబాబాద్ దగ్గర తండాలో పుట్టి పెరిగినవాడు. నేను బయాలజీ.

మా ట్రైనింగులు ఎలా ఉంటాయో టీచర్లందరికీ తెలుసు. సంతకం, చాయ్, కునుకు, మళ్లీ చాయ్. ఉద్యోగంలో చేరాక ఇంకో టీచర్ పాఠం చెప్తుంటే కూర్చుని చూసింది లేదు నేను.

మొదటిసారి చూసింది సమ్మె టెంట్‌లో.

తెలంగాణ కోసం బడులు బంద్ పెట్టి, అందరం రోడ్డు పక్కన రిలే దీక్షలో కూర్చున్నాం. పాటలు అయిపోయాయి. స్లోగన్లు అయిపోయాయి. ఉన్న ఒక్క పేపర్ అందరం చదివేశాం. అప్పుడు లేచాడు సోమ్లన్న.

"ఉత్తగ కూసుంటె ఆకలి ఇంకింత ఎక్కువైతది. రోజుకొకరు పాఠం చెప్పుండ్రి. మిగిలినోళ్లం పిల్లలమైతం."

మొదటి వంతు నాకే పడింది. ఆకులు ఆహారం ఎలా తయారు చేస్తాయో చెప్తున్నా. బ్రహ్మాండంగా చెప్తున్నా అనే నా నమ్మకం.

వెనకాల కూర్చున్న సోమ్లన్న చెయ్యెత్తి లంబాడీలో ఏదో అడిగాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగులో అడగండి అన్నాను. మళ్లీ లంబాడీలోనే అడిగాడు. టెంటంతా ఒకటే నవ్వు. నాకు చెమటలు.

ఆయన మాత్రం నవ్వలేదు.

"ఆకుకు నోరు ఏడుంటది అని అడిగిన మేడం. మా తండ పిల్ల మీ క్లాసుల రోజూ గిట్లనే ఏం సమజ్ గాక కూసుంటది" అన్నాడు.

బడి తెరిచాక ఆ పాఠం నేను మళ్లీ పాత పద్ధతిలో చెప్పలేదు. తండా పిల్లలను ముందు వాళ్ల మాటలో మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాతే తెలుగులోకి వచ్చేదాన్ని. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. అది ఏ ట్రైనింగూ నాకు నేర్పలేదు.

సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు. పోయిన క్లాసుల కోసం ఆదివారాలు కూడా బడే. అంత అలసటలోనూ సోమ్లన్న స్కూల్లో ఒక అలవాటు పెట్టాడు. ఖాళీ పీరియడ్ దొరికితే ఇంకొకరి క్లాసులో వెనుక బెంచీలో కూర్చోవాలి. బయటికొచ్చాక తప్పులు ఎంచొద్దు. మన క్లాసుకు ఏం తీసుకెళ్తున్నామో అదొక్కటే చెప్పాలి.

అందరికంటే ఎక్కువ భయపడింది హిందీ సారే. ఆయన క్లాసు చూసి వచ్చి సోమ్లన్న ఇట్లా అన్నాడు.

"సార్, పిలగాడు తప్పు సదివినా మీరు నడుమల ఆపరు. ఆఖరి దాంక సదవనిస్తరు. నేను గదే నా క్లాసుకు తీస్కపోతున్న."

ఆ పెద్దాయన ముఖం ఆ రోజు చూడాల్సింది!

తర్వాత ఒక ఆఫీసర్ వచ్చాడు. ఇదంతా చూశాడు. తెగ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలే మా కొంప ముంచింది.

ఇకనుంచి కూర్చున్నవాళ్లు ఎదుటివాళ్లకు మార్కులు వేయాలన్నాడు. తక్కువ వస్తే మెమో అన్నాడు.

"మార్కులొద్దు సార్. మార్కులు పెడితె ఎవ్వలు లోపటికి రానియ్యరు" అని సోమ్లన్న బతిమాలాడు. ఎవరు వింటారు? పట్టుదలకొద్దీ అందరికీ ఫుల్ మార్కులు వేసి, తనే మెమో తెచ్చుకున్నాడు.

ఇంకెవరో వేసిన మార్కులకు హిందీ సార్‌కూ మెమో వచ్చింది. రిటైర్మెంట్ ముందర, ఆ వయసులో. కోపమంతా సోమ్లన్న మీద చూపించారు.

"గిదంత నువ్వు తెచ్చిపెట్టిందే కద!" అని స్టాఫ్ రూమ్‌లో అందరి ముందే అన్నారు.

అప్పటి నుంచి ఎవరి క్లాసు వాళ్లది.

ట్రాన్స్‌ఫర్లలో సోమ్లన్న భూపాలపల్లి అవతల, అడవి అంచు బడికి పోయాడు. ఒకసారి ఫోన్ చేసి ఎట్లున్నవన్నా అని అడిగాను.

"నా క్లాసు జూసెటోళ్లే లేరు మేడం. అటెండర్‌ను కూసోబెట్టుకుంటున్న. పాపం, నిద్రపోతడు" అని నవ్వాడు.

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపాగలేదు.

నిన్న సాయంత్రం తండాలో మట్టి చేయడం అయిపోయింది. అందరం లేచాక కూడా హిందీ సార్ ఆ మట్టి దగ్గరే కూర్చుండిపోయారు. చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చింది.

ఇవాళ ప్రేయర్‌లో మౌనం పాటించాం. బెల్ కొట్టారు.

నాకు ఉండబట్టలేదు. సోమ్లన్న ప్లేస్‌లో వచ్చిన కొత్త మ్యాథ్స్ సార్ దగ్గరికి వెళ్లి, మీ క్లాసులో కాసేపు కూర్చుంటాను అన్నాను. మంచి అబ్బాయే. ముఖం తెల్లబోయింది.

"నా మీద ఎవరన్న కంప్లైంట్ ఇచ్చిండ్రా మేడం?"

ఏం లేదు సార్ అని వెనక్కి వచ్చేశాను.

రేపో మాపో రాష్ట్రం వస్తుందేమో, రాదేమో నాకు తెలియదు. సోమ్లన్న పెట్టిన అలవాటు మాత్రం ఇక మా బడికి తిరిగి రాదు. ఆశ ఉందని అబద్ధం రాయలేను.

పోయిరా అన్నా. మాతో చాలా అలసిపోయినవ్. ఇకనైనా నీ ప్రాణానికి నిమ్మళం దొరకాలి.