శుక్రవారం తలంటు

నా మోకాళ్లు శుక్రవారమే ఎక్కువగా ఎందుకు నొస్తాయని నాలుగేళ్లు ఆలోచించాను. ఆ రోజు తలంటుకుంటాను కనుక చల్లదనం కీళ్లకు పట్టిందని తీర్మానించుకుని తలంటు మానేశాను. ఎప్పుడో మధ్యాహ్నం ఎండలో తలమీద నాలుగు చెంబులు గబగబా పోసుకోవడమే. కుంకుడుకాయల డబ్బా మూత తుప్పుపట్టింది గాని నొప్పి తగ్గలేదు.

భాద్రపదంలో బరంపురం డాక్టరమ్మ మోకాళ్లు నొక్కి చూసి, కీళ్లు అరగడం మొదలైందని చెప్పింది. నేల మీద కూర్చోవద్దు, గొంతుకూర్చోవద్దు, రెండు పూటలా నడవాలి, వేడినీళ్ల కాపడం పెట్టుకోవాలి అంది. నడకా కాపడమూ పట్టుకున్నాను. కూర్చోవడం సంగతి వినిపించుకోలేదు.

పాత కేలండరు వెనక గళ్లు గీశాను. తేదీ, నడిచిన అడుగులు, పొద్దున లేచాక మోకాళ్లు వదులవడానికి పట్టిన నిమిషాలు. మొదటి వారం వీధి చివరిదాకా నాలుగువందల పది అడుగులు. ఆరో వారానికి రెండు వేలు. బిగుతు ముప్పై అయిదు నిమిషాల నుంచి పదిహేనుకు దిగింది. శుక్రవారం మాత్రం ముప్పైకి తగ్గలేదు.

కార్తీకం చివర్లో ఆ కాగితం కోడలి ముందు పెట్టాను. తనది ఛత్రపూర్. మొహమాటం తక్కువ.

"సూడు, తలంటు మానేసినా శుక్రోరం ఇలాగే ఉంది."

"శుక్రోరం సంగతి సరే అత్తా. ముందురోజు లచ్చివారం ఏటి సేసినారు?"

"ఏటి సేస్తాను? అమ్మోరి పాదాలేసినాను."

"ఎన్ని?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండు పాదాలకీ కూకుని లెగిసినారు. ఇన్ని లెక్కలు రాసినారు, ఈ లెక్క రాయలేదేటి?"

లక్ష్మివారం పొద్దున్నే ఇల్లు కడిగి, బియ్యప్పిండి జారుగా కలిపి, వీధి గుమ్మం నుంచి దేవుడి గది వరకు గొంతుకూర్చుని జరుగుతూ లక్ష్మి పాదాలు వేయడం పెళ్లయిన ఏడాది నుంచీ నా అలవాటు. దాన్ని ఎన్నడూ పనిగా లెక్కేయలేదు. వచ్చేది మార్గశిరం, ప్రతి లక్ష్మివారమూ పూజే. పాదాలు మానుకోవాలా, మోకాళ్లు పాడుచేసుకోవాలా? తను వేస్తానంది కోడలు. ఇవ్వబుద్ధి కాలేదు. నాకంటే బాగా వేస్తుంది, అదీ బాధ.

మొదటి లక్ష్మివారానికి ముందురోజు పక్కింటి ఒడియా ఆవిడ గోడకు బియ్యప్పిండి ముగ్గు వేస్తోంది. వరిగడ్డి కుచ్చు పిండిలో ముంచి, నిలబడే అద్దుతోంది. కాసేపు చూసి ఇంటికొచ్చాను. కొత్త వెదురుకర్ర చివర గడ్డి కుచ్చు కట్టి, పైన తెల్లగుడ్డ చుట్టాను.

మర్నాడు నడుం వంచకుండా ఇరవై రెండూ వేశాను. ఒక్కొక్కటీ జానెడు వెడల్పున వచ్చింది. రెండింటికి ఆరేసి వేళ్లు పడ్డాయి.

కోడలు గుమ్మంలో నిలబడిపోయింది. "ఏటత్తా, మనింటికి అమ్మోరు వచ్చిందా, అమ్మోరి ఏనుగు వచ్చిందా?"

"ఏనుగే ముందొచ్చింది. అమ్మోరు ఎనకాల వస్తాది. తోవ తొక్కీకు."

శుక్రవారం లేవగానే గడియారం చూసుకున్నాను. పదహారు నిమిషాలు. గడిలో రాసి, కుంకుడుకాయల డబ్బా దించాను. మూత ఎంతకీ రాలేదు. కోడలే తీసి, నన్ను ఎత్తుపీట మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది.