కల్లు తాగిన చక్రాలు

యోంగ్‌సిమ్ తాళం సగం తిప్పి ఆగుతుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటుంది. ఎదురుగా మెలికలు తిరిగిన చిన్న దీపమొకటి వెలుగుతుంది. కొండమీది హ్వెంగ్యే ఊళ్ళో డ్రైవర్లు దాన్ని పందితోక అంటారు. లోపల డీజిల్ ఇంజను వేడెక్కి ఆ తోక ఆరిపోయేదాకా ఆమె తాళం ముట్టుకోదు. ఎంత తొందర ఉన్నా అంతే. పక్కన ఎవరున్నా మాట్లాడదు. తోక ఆరాక మిగతా సగం తిప్పుతుంది. ఇంజను గొంతు సవరించుకుని, ఒళ్ళు విదిలించుకుని లేస్తుంది.

జీపు పొట్టిది, ముదురాకుపచ్చది. రెండే తలుపులు. ముందు సీటు మడిస్తే గాని వెనక్కి ఎక్కలేరు. వొంజు పట్నంలో ఆమె చిన్నాన్న కొడుకు, వరసకు అన్నయ్య, కొన్నాళ్ళు వాడిన బండి.

అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నది ఒక చిన్న లారీ. దాంట్లో ముగ్గురికి చోటు. ఇంట్లో ఐదుగురు. భర్త దూసిక్ ఆ లారీలో రేవు నుంచి మ్యోంగ్‌తే చేపలు తెస్తాడు. వాటిని పెరట్లో దుంగల పందిళ్ళకు వేలాడదీస్తారు. రాత్రి గడ్డకట్టి, పగలు కాస్త కరిగి, మళ్ళీ గడ్డకట్టి, చలికాలం చివరికి అవి బంగారు రంగుకు ఎండుతాయి. అదే వాళ్ళ బతుకుతెరువు. పెళ్ళికో విందుకో పోవలసివస్తే లారీలో దూసిక్, కూతురు హేరాన్, కొడుకు క్యూహో ఎక్కేవాళ్ళు. అత్తాకోడళ్ళు గేటు దగ్గర నిలబడి చేతులూపేవాళ్ళు. లారీ మలుపు తిరిగాక లోపలికి వచ్చి, మిగిలిన అన్నంలో నీళ్ళు పోసుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తినేవాళ్ళు.

ఆ చలికాలం యోంగ్‌సిమ్ ఎవరికీ చెప్పకుండా బస్సులో వొంజు వెళ్ళి, జీపు నడుపుకుంటూ తిరిగొచ్చింది.

దూసిక్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సైన్యంలో చేరుతున్నావా?"

"ఐదుగురం పడతాం, హేరాన్ నాన్నా."

"పడతాం. తాడుకి గుచ్చిన చేపల్లా."

"చేపలెప్పుడైనా నీతో పేచీ పెట్టుకున్నాయా?"

దూసిక్ టైరును కాలితో తన్ని చూశాడు. "సరే. ఎల్లుండి చుమున్‌జిన్‌లో పిన్ని షష్టిపూర్తి. మధ్యాహ్నం విందు మొదలయ్యేలోపు ఐదుగురం ఈ బండిలోంచే దిగాలి. దిగితే బండి మనది. ఒక్కరు ఇంట్లో మిగిలినా, ఒక్కరు బస్సెక్కినా, మీ అన్నయ్యకి తిరిగిచ్చేస్తావ్."

"ఇచ్చేస్తాను" అంది యోంగ్‌సిమ్. తన చెల్లెలి విందు మాట వినగానే అత్తగారి చేతిలో ఉల్లికాడ ఆగిపోవడం ఆమె చూసింది.

మర్నాటి సాయంత్రం బండికి పూజ పెట్టారు. జీపు ముందు చిన్న బల్ల వేసి ఉడికించిన పంది తల, ఎర్రచిక్కుళ్ళ అప్పం, తెల్లదారం చుట్టిన ఎండుచేప పెట్టారు. ఇరుగుపొరుగు గిన్నెలతో వచ్చారు. అత్తగారు పట్టు పావడా సర్దుకుని, దండం పెట్టబోతూ ఆగింది. పెరడు కొంచెం వాలుగా ఉంటుంది.

"బ్రేకు లాగావా అమ్మాయ్?"

"గేర్లో పెట్టానత్తయ్యా. అది చాలు."

"నీ గేర్లు నాకు తెలీవు. నేను వంగినప్పుడు ఇది మీదికొచ్చిందంటే బల్ల మీద పంది తల పక్కన నా తల పెట్టాలి. లాగు."

యోంగ్‌సిమ్ చేతిబ్రేకు లాగింది. ఆ కొండల్లో చలికాలం రాత్రి ఎవరూ చేతిబ్రేకు లాగి వదిలెయ్యరు. బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కాని ఆ సాయంత్రం ఆమె కాళ్ళు నేలమీద లేవు. ఒకరు బానెట్టు నిమురుతున్నారు, ఒకరు వెనక సీట్లో ఎగిరి చూస్తున్నారు. క్యూహో హారను కొట్టిన ప్రతిసారీ ఊళ్ళో కుక్కలన్నీ జవాబు చెబుతున్నాయి. బ్రేకు సంగతి మళ్ళీ ఎవరికీ గుర్తురాలేదు.

తరువాత చక్రాలకు బియ్యపు కల్లు పొయ్యడం. తలా ఒక గిన్నె పోశారు. అత్తగారు మాత్రం ఒక్కో చక్రం దగ్గర చతికిలబడి, లోపలికంటా, బుడ్డి వంచి పోసింది.

"వదినా, అన్నీ దానికే పోస్తే మాకేం మిగులుతుంది?" అన్నాడు పక్కింటి కిల్ మాన్‌బోక్.

"నువ్వు తాగితే మీ ఇంటిదాకా పోవడమే గగనం. ఇది కనుమ దాటాలి."

రాత్రి మంచు పడింది. తెల్లవారేసరికి ముక్కులో ఊపిరి గడ్డకట్టేంత చలి. అందరూ కొత్తబట్టలు వేసుకున్నారు. పట్టు పావడాలో అత్తగారు ఎక్కలేకపోతే, హేరాన్ చేపల డబ్బా బోర్లించి మెట్టు చేసింది. యోంగ్‌సిమ్ కూర్చుంది. పందితోక వెలిగింది, ఆరింది. ఇంజను లేచింది. గేరు వేసి క్లచ్ వదిలింది.

జీపు ఊగింది గాని కదలలేదు.

మళ్ళీ వదిలింది. ఇంజను మూలిగింది. వెనక చక్రాలు రాళ్ళలా ఉన్నాయి.

దూసిక్ దిగి, వంగి, వాసన చూశాడు. "కల్లు. లోపల గడ్డకట్టి బ్రేకులు పట్టేసింది. చేతిబ్రేకు లాగి ఉంచావా?"

అప్పటికే దించిన చేతిబ్రేకును యోంగ్‌సిమ్ మళ్ళీ కిందికి నొక్కింది.

"లాగమన్నది నేను. పోసిందీ నేనే" అంది వెనక నుంచి అత్తగారు.

మాన్‌బోక్ గోడ మీదుగా తొంగిచూసి, చక్రాలను జాలిగా పరికించాడు. "అవిప్పుడు లేవవు. రాత్రి బాగా ఎక్కించాయి."

దూసిక్ నవ్వలేదు. వాచీ చూసుకున్నాడు. "నేనూ పిల్లలూ లారీలో పోతాం. పిన్ని ఎదురుచూస్తుంది."

అత్తగారు సీటు అంచుకు జరిగింది. ఎప్పట్లాగే దిగడానికి పావడా పైకి పట్టుకుంది. అది చూసి యోంగ్‌సిమ్ వెనక్కి తిరిగింది.

"దిగకండత్తయ్యా. పిల్లలూ, మీరూ కదలొద్దు. హేరాన్ నాన్నా, కాగులో వేన్నీళ్ళున్నాయి. తే."

"పోసిన నీళ్ళు మళ్ళీ గడ్డకడతాయి."

"ఆగితే గడ్డకడతాయి. నేనాగను."

దూసిక్ ఆమె ముఖం చూశాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ గొంతు విన్నది బహుశా అదే మొదటిసారి. కోటు గుండీలు విప్పుకుంటూ వంటింట్లోకి నడిచాడు. మాన్‌బోక్ గోడ దూకాడు. చెరొక కేతిలితో చెరొక చక్రం దగ్గర కూర్చున్నారు. ఆవిరి లేచి జీపు వెనక భాగం కనపడకుండా పోయింది. ఆ ఆవిరికి కూడా కల్లు వాసనే.

యోంగ్‌సిమ్ పెద్ద గేరు పక్కనున్న పొట్టి లివరు లాగింది. నాలుగు చక్రాలకూ బలం వచ్చింది. ముందుకు ఒక గుంజు. వెనక్కి ఒక గుంజు. ముందుకు. వెనక్కి. లోపల ఎక్కడో ఫట్‌మని ఒక చప్పుడు. ఇంకొకటి.

జీపు ఒక్క దూకుతో మంచులోకి దిగింది. పిల్లలు కేక పెట్టారు. ఆవిరి విడిపోయింది. ఇంట్లోవాళ్ళలో దూసిక్ ఒక్కడే కింద, చేతిలో కేతిలితో, నిలబడి ఉన్నాడు.

"ఆపు" అని అరిచాడు.

"ఆపను. ఎక్కు."

చేపల పందిళ్ళ చుట్టూ తిప్పింది. గడ్డకట్టిన చేపలు ఒకదానికొకటి తగిలి చెక్కల్లా మోగాయి. దూసిక్ పెళ్ళినాటి బూట్లతో, మోకాటి లోతు మంచులో, పక్కనే పరిగెత్తాడు. జీపు మనిషి నడకంత వేగమే. అయినా అందలేదు. హేరాన్ ముందు సీటు మీదుగా వాలి తలుపు తెరిచింది. అతను తలుపు పట్టుకున్నాడు, జారాడు, బోర్లా పడ్డాడు. కేతిలి దొర్లిపోయింది.

"నాన్న పడ్డాడు" అన్నాడు క్యూహో, ఉత్సాహంగా.

"లేస్తాడు" అంది అత్తగారు. "ఇంకోసారి తిప్పమ్మాయ్."

ఇంకోసారి తిప్పింది. ఆమెకు నవ్వు ఆగడం లేదు. ఈసారి మాన్‌బోక్ వెనక నుంచి దూసిక్‌ను నడుం పట్టి తోశాడు. "ఎక్కవయ్యా, లారీ దొరా." అతను తల ముందూ కాళ్ళు వెనకా లోపల పడ్డాడు. అతనితో పాటు గంపెడు మంచు వచ్చి పడింది.

"తలుపెయ్యి. చలేస్తోంది" అంది అత్తగారు.

జీపు గేటు దాటింది. అత్తగారు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. గేటు దగ్గర మాన్‌బోక్ తప్ప ఎవరూ లేరు.

తేగ్వాల్యోంగ్ కనుమ చేరేసరికి చక్రాలు బాగా వేడెక్కాయి. కల్లు కూడా వేడెక్కి, బండంతా కల్లు దుకాణమైంది. మంచులో జారకుండా టైర్లకు గొలుసులున్నాయో లేవో చూసే పోలీసు కుర్రవాడు ఆపాడు. కిటికీలోంచి ముక్కు పెట్టాడు.

"అమ్మా, తాగి నడుపుతున్నారా?"

"నేను కాదు బాబూ. చక్రాలు తాగాయి."

అతను వంగి వాసన చూశాడు. పూజ అయ్యాక వెనక కట్టిన ఎండుచేపనూ తెల్లదారాన్నీ చూశాడు. "పూజకి గిన్నెడు పోస్తారు. ఇంత ఎవరు పోశారు?"

"నేనే" అంది అత్తగారు, చెయ్యెత్తి. "మా చెల్లెలి ఇంటికి పోతున్నాం. అందరం."

కుర్రవాడు గొలుసులు చూసి, చెయ్యూపి పంపేశాడు.

కనుమ దిగువన మలుపు మలుపుకూ సముద్రం కనపడి మాయమవుతోంది. చుమున్‌జిన్‌లో పిన్ని వాకిట్లోనే ఉంది. ముందు తడిసిన కోటుతో దూసిక్ దిగాడు. సీటు మడిచారు. క్యూహో, హేరాన్ దిగారు. యోంగ్‌సిమ్ దిగింది. పిన్ని ఇంకా లోపలికే చూస్తోంది. చీకటి సీట్లోంచి పట్టు పావడా కొస, తర్వాత ఒక పాదం బయటికి వచ్చాయి.

"అక్కా, నువ్వు కూడానా?"

"చోటుంది మరి" అంది అక్క. ఇద్దరూ చేతులు పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయారు. లోపల విందు ఇంకా మొదలవలేదు.

తరువాత భోజనాల దగ్గర ఎవరో బంధువు అడిగాడు, బయట ఆ పొట్టి జీపు ఎవరిదని.

దూసిక్ నోటినిండా అన్నం. మింగి, నీళ్ళు తాగి చెప్పాడు. "మాదే."

బల్లకు అటు చివర యోంగ్‌సిమ్ తలెత్తలేదు. అత్తగారి గిన్నెలోకి ఇంకో చేపముక్క వేసింది.

రాత్రి అక్కడే ఉన్నారు. మర్నాడు ఉదయం అందరూ నిద్రలో ఉండగానే యోంగ్‌సిమ్ లేచి జీపు తీసింది. రేవు దాటి ఉత్తరానికి, సముద్రం పక్క రోడ్డు పట్టుకుంది. చేపలు తెచ్చే పని లేదు. ఎవరినీ దింపే పని లేదు. రోడ్డు ఇసుకలో కలిసిపోయే చోటు దాకా వెళ్ళి, కాసేపు అద్దం దించి కూర్చుని, తిరిగొచ్చింది.

వాకిట్లో అత్తగారు పళ్ళు తోముకుంటోంది.

"ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికీ లేదత్తయ్యా."

అత్తగారు నోరు పుక్కిలించి, చేతులు పావడాకు తుడుచుకుంది.

"అయితే నన్నూ తీసుకెళ్ళు."

యోంగ్‌సిమ్ సీట్లోంచే వంగి అవతలి తలుపు తీసింది.