ఫ్యాన్లు ఆపించే మా సారు

మా ఫిజిక్స్ సారు పోయారు. ఆ రోజు పొద్దున తార్నాకలో వాళ్ల వీధి మలుపు దగ్గర చాయ్ తాగి, ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నారట, అంతే. మంచాన పడలేదు, ఎవరిచేతా సేవ చేయించుకోలేదు. ఆ మాట వినగానే ఏడుపు కంటే ముందు నా మనసు తేలికపడింది. ఆయన కోరుకున్నదీ అదే.

క్యాంపస్‌లో ఆయన ల్యాబంటే మాకు హడల్. ట్యూనింగ్ ఫోర్క్ ప్రయోగం రోజు ఎంత ఎండలైనా సరే ఫ్యాన్లన్నీ ఆపించేవారు. "ముందు చెవి పెట్టు బిడ్డా, లెక్క తర్వాత" అనేవారు. మేం చెమటలు కక్కుతూ లోపల తిట్టుకునేవాళ్లం. నాకు ఫిజిక్స్ అబ్బలేదు. డ్రోన్ కొనుక్కుని, పెళ్లి కాబోయే జంటలకు వీడియోలు తీసే పనిలో పడ్డాను.

నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం క్యాంపస్‌లో ఓ జంటను తీస్తుంటే, వాకింగ్‌కు వచ్చిన సారు పక్కన నిలబడ్డారు. ఆయన ముందు గొప్పలు పోవాలన్న దురద నాది. అనుమతి ఉన్న ఎత్తు దాటించి డ్రోన్‌ను పైకి లేపాను. స్పీకర్లో పాట మోగుతోంది, నా కళ్లు చేతిలోని రిమోట్ తెరకు అతుక్కుపోయాయి. సారు వెళ్లి స్పీకర్ ఆపేశారు. నాకు ఒళ్లు మండింది.

"విమానమొస్తున్నది. దించు" అన్నారు.

అప్పుడు వినబడింది నాకు. గబగబా డ్రోన్‌ను దించాను. అది చెట్ల కిందికి వచ్చిందో లేదో, పైలట్ శిక్షణకు వాడే చిన్న విమానం మా నెత్తిమీదుగా పోయింది.  డ్రోన్ ఆ విమానం అద్దానికి తగిలుంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

సారు తిట్టలేదు. మర్నాడు ఆటో ఎక్కించి ఆ శిక్షణ స్కూలుకు తీసుకెళ్లి, చేసిన పని నా నోటితోనే చెప్పించారు. అబద్ధమెందుకు, ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది. స్కూలువాళ్లు ముందురోజు విమానం నడిపిన అమ్మాయిని పిలిపించారు. ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టి వారమే అయిందట.

"నాకేం కనవడలే అన్నా" అంది.

ఆ ఒక్క మాటకు నా కోపం చచ్చిపోయింది. అంత చిన్న వస్తువు ఆమెకు చివరిదాకా కనబడేది కాదు. ఆ రోజు నుంచి నా డ్రోన్ లేచేముందు పాట ఆగుతుంది, నేను చెవి పెడతాను. జంటలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

మొన్న సారు దశదిన కర్మకు ఆ అమ్మాయి రాలేకపోయింది. ఇప్పుడామె అదే స్కూల్లో నేర్పిస్తోంది. ఒంటిగంటకు విమానంలో సారు ఇంటి మీదికెళ్లే పోతానని ఫోన్ చేసింది. టైమవుతుంటే విస్తరి ముందునుంచి లేచి షామియానాలో ఫ్యాన్లు ఆపేశాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు, అందరూ ఆయన శిష్యులే. చెమటలు కారుతుండగా, చేతిలో ముద్ద పట్టుకుని, ఆ చప్పుడు వచ్చి, మా మీదుగా క్షేమంగా దాటిపోయేదాకా విన్నాం.