బండ తిరిగినా తిరగని మచ్చ

పెద్దేముల్ ఊరి శాంతవ్వకు అక్షరం ముక్క రాదు గానీ, బండను చదవడంలో మాత్రం తాండూరులో ఆమె తర్వాతే ఎవరైనా. ముప్పై ఏళ్లు వచ్చేదాకా కందిచేలలో కలుపు తీసింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లుగా షేర్ ఆటోలో తాండూరు వచ్చి, చంద్రశేఖర్ పాలిష్ యూనిట్‌లో నాపరాళ్లు కడుగుతోంది. నున్నబడ్డ బండ మీద నీళ్లు చల్లి, అరచేత్తో ఒక్కసారి నిమిరి, "గిది పోనియ్యి, గిది పక్కకు పెట్టు" అంటుంది. సన్న గీత ఉన్నా, మచ్చ ఉన్నా ఆమెను దాటి లారీ ఎక్కదు. యూనిట్‌లో ఆమెకున్న విలువంతా ఆ చూపుకే.

అలాంటి శాంతవ్వ చూసి పోనిచ్చిన బండల మీద మచ్చలున్నాయని మొన్న ఎండాకాలంలో ఒక శుక్రవారం బెంగళూరు నుంచి కబురొచ్చింది. అక్కడి వ్యాపారి ఫొటోలు చూసి సరేనంటేనే సరుకు కదులుతుంది. ఫొటోలు తీసేది చంద్రశేఖర్ కూతురు మనీషా. ఫోన్‌తో తీస్తే రంగు మారుతోందట. మనుషులకే కాదు, ఫోన్ రాతికి కూడా పౌడరు పూస్తుంది కదా. అందుకని ఇంట్లో మూలపడ్డ చిన్న డిజిటల్ కెమెరా తెచ్చి, మూడు నెలలుగా షెడ్డులో కోత మిషన్ పక్కనే నిలబడి తీస్తోంది. ఈసారి పంపిన పన్నెండు ఫొటోల్లోనూ బూడిదరంగు మచ్చ కనిపించేసరికి వ్యాపారి సరుకు వద్దన్నాడు.

"నీ కండ్లకు పొరలొచ్చినట్టున్నయి శాంతవ్వా," అన్నాడు చంద్రశేఖర్. "సోమవారం నుంచి ముక్కలు ఏరే కాడికి పో. గీడ వేరేటోళ్లను పెడ్త."

చెంప మీద కొట్టినట్టయింది ఆమెకు. ఏడుపూ వచ్చింది. కానీ ఏడిస్తే మచ్చ సంగతి తేలదు కదా. పన్నెండు బండలూ మళ్లీ కడిగింది. ఎండలో పెట్టి చూసింది, నీడలో పెట్టి చూసింది. ఎక్కడా మచ్చ లేదు. తనకు కనపడనిది ఆ బుడ్డ డబ్బాకు ఎలా కనపడిందో తెలుసుకోకపోతే అన్నం దిగేలా లేదు.

"బిడ్డా, జర ఆ ఫొటోలు చూపియ్యి," అని మనీషాను అడిగింది. ఒక్కొక్కటే చూసింది. అన్నిట్లోనూ మచ్చ కుడివైపు పైమూలనే ఉంది.

"ఇన్నేండ్లల్ల రెండు బండలకు ఒక్క కాడ మచ్చ ఉండంగ చూడలే," అంది. ఇద్దరిని పిలిచి ఒక బండను తలకిందులు చేయించింది. "ఇప్పుడు తియ్యి."

మనీషా తీసింది. మచ్చ మళ్లీ కుడివైపు పైమూలనే.

"బండ తిరిగింది, మచ్చ తిరగలే. గట్లయితే అది బండ మీద లేదు."

మనీషా తెల్లగోడను తీసింది, ఆకాశాన్ని తీసింది. మచ్చ అక్కడా తిష్ట వేసుకునే ఉంది. ముందున్న అద్దం తుడిచినా పోలేదు. బండలు ఆరబెట్టే గాలిపైపు అందుకోబోతే శాంతవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఊదితే పోదు బిడ్డా. పగులున్న బండకు ఊది చూసిన, దుమ్ము ఇంకింత లోపటికే పోయింది."

మర్నాడు ఇద్దరూ రైలెక్కి వికారాబాద్ వెళ్లారు. అక్కడ కెమెరాలు బాగుచేసే కార్తీక్ మరలు విప్పి, లెన్సు పక్కన పెట్టి, గోరంత గాజుబిళ్ల చూపించాడు. సెన్సార్ అంటారట, బొమ్మ పడేది దాని మీదేనట. శాంతవ్వ ఎంత వంగి చూసినా ఏమీ కనపడలేదు. కార్తీక్ భూతద్దం ఇచ్చాడు. అప్పుడు కనపడింది నలుసు. నాపరాతి దుమ్మని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది ఆమెకు.

"మూసిన డబ్బా లోపటికి ఎట్ల పోయింది కొడుకా?"

"లెన్సు బయటికొచ్చినప్పుడల్లా గాలి లోపటికి గుంజుకుంటది అవ్వా. గాలి ఎంబడి దుమ్ము పోతది. దుమ్ముల దీన్ని ఆన్ చెయ్యొద్దు."

"అంటే గిది గూడ ఊపిరి తీస్తదన్నట్టు."

కార్తీక్ నవ్వి, సన్నపుల్లకు మెత్తటి గుడ్డ చుట్టి, మందులో ముంచి, ఒక్క వరుసలో తుడిచాడు. మళ్లీ బిగించి తెల్లకాగితాన్ని తీస్తే తెల్లకాగితమే వచ్చింది.

సాయంత్రం యూనిట్‌లో మనీషా అవే బండలను మళ్లీ తీస్తే, ఆ ఫొటోల పక్కన పాతవి పెట్టి చూశాడు చంద్రశేఖర్. మనిషి తొందరపాటువాడే గానీ చెడ్డవాడు కాదు.

"తప్పయింది శాంతవ్వా. నీ జాగల నువ్వే ఉండు," అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఇగ కెమెరాను షెడ్డులకు తేకు. ఆ దుమ్ముకు ఖరాబైతది. బండలనే బయటికి తెప్పిస్త."

శాంతవ్వకు పట్టరానంత సంతోషమైంది. షెడ్డు వైపు రెండడుగులు వేసి, ఏదో తోచి ఆగింది.

"సేటు, మూడు నెలలు పీలిస్తేనే దానికి గంత మచ్చ పడ్డది. నేను ఇరవై రెండేండ్ల సంది పీలుస్తున్న. నన్ను ఏడ చూపియ్యాలె?"

దెప్పడానికి అడగలేదు ఆమె. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. చంద్రశేఖర్ షెడ్డులోకి చూశాడు. మిషన్ దగ్గర, ఆ దుమ్ములోనే, ఇంకా ఆరుగురు పనిచేస్తున్నారు.