మిలిసావ్ మేస్త్రీ చెవులు

మొరావిత్స నది పక్క రోడ్డు మీద, రాస్ప్‌బెర్రీ తోటలు మొదలయ్యే చోట మిలిసావ్ షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు, అవసరమూ లేదు. కారు ఎక్కడ మొరాయించినా జనం అతని దగ్గరికే తోసుకొచ్చేవాళ్ళు. అతను పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. నిమిషం తిరక్కుండా జబ్బు పేరు చెప్పేవాడు. ఒకసారి పక్క జిల్లా డ్రైవరొకడు పోస్టాఫీసు కిటికీ కింద లారీ నిలిపి, ఫోను రిసీవరును బయటికి చాపి ఇంజను చప్పుడు వినిపించాడట. "నీళ్ళ పంపు బేరింగురా, ఇక్కడిదాకా తోలకు" అన్నాడట మిలిసావ్. అదే నిజమైంది.

అలాంటి మనిషికి యాభైతొమ్మిదో ఏట చెవులు మందగించాయి. ముందు కుడిది, తర్వాత ఎడమది. ఈ సంగతి భార్య స్టమెనకు తప్ప ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఎవరైనా కారు తెస్తే చేతులు కట్టుకుని నిలబడి, "నువ్వే చెప్పు చూద్దాం, ఏమంటోంది నీ బండి?" అని అడిగేవాడు. వాళ్ళు అదేదో పరీక్షనుకుని, నోటితో టకటక, గురగుర చప్పుళ్ళన్నీ చేసి చూపించేవాళ్ళు. వాళ్ళ పెదవులను చూస్తూ అతను జబ్బు చెప్పేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి. ఈ ఎత్తు పారని రోజున షెడ్డు మూసేసి తేనెటీగలు పెంచుకుంటానని స్టమెనతో చెప్పి ఉంచాడు.

ఆ రోజు వచ్చిందనుకున్నాడు, వుకొసావ కారు తెచ్చిన గురువారం నాడు.

వుకొసావ ఊరి మంత్రసాని. ఈ లోయలో సగం మంది ఆమె చేతుల్లోనే పుట్టారు. నోరు తెరిచిందంటే మూయించడం ఎవరి తరమూ కాదు.

"మేస్త్రీ, శనివారం మిరొస్లావ కూతురి పెళ్ళి. నేనే కూమను, చర్చిలో సాక్షిగా నిలబడాల్సినదాన్ని. పెళ్ళికూతురు చర్చికి వెళ్ళేది నా కారులోనే. ఈ దయ్యమేమో చర్చికెక్కే ఎత్తు దగ్గర తుమ్మి, దగ్గి చచ్చింది. పెళ్ళికూతురెక్కిన కారు దారిలో ఆగితే ఏమంటారో తెలుసుగా? రేపు వాళ్ళు మొగుడూపెళ్ళాలు పోట్లాడుకున్నా నన్నే అంటారు. వాళ్ళ ఆవు వట్టిపోయినా నన్నే అంటారు!"

ఆమెను ప్రశ్న అడగడమంటే వాగుకు గండి కొట్టడమే. మిలిసావ్ అడగలేదు. ఊరికే తలూపి బానెట్ ఎత్తాడు.

ప్లగ్గులు విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. చోక్ లాగితే ఇంజను బుద్ధిగా తిరుగుతోంది, వదిలితే ఊగిసలాడుతోంది. అనుమానమేమీ లేదు. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. కార్బురేటర్ విప్పి శుభ్రం చేశాడు. దాని అడుగు అతుకు చుట్టూ కాస్త పెట్రోలు చిలకరించి చూశాడు. గాలి దూరేది అక్కడైతే ఇంజను వేగం మారాలి, మారలేదు. దొంగగాలి ఇంకెక్కడో దూరుతోంది. చెవులున్నవాడైతే ఆ బుస విని చెయ్యి పెట్టి చూపించేవాడు. అతనికి మాత్రం ఇంజనంతా దుప్పటి కింద తిరుగుతున్నట్టుంది. చివరికి మిశ్రమం మర తిప్పి పెట్రోలు కాస్త పెంచి, కారు పంపించేశాడు. అది వైద్యం కాదని అతనికి తెలుసు.

శుక్రవారం ఉదయమే కారు మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడు చావడమే కాదు మేస్త్రీ, పెట్రోలు కంపు కూడా కొడుతోంది! దారిలో ఆ కాపరి సావొ మేకలన్నీ వరసగా నిలబడి తమాషా చూశాయి. నీ వల్ల కాదంటే చెప్పు, పట్నం తీసుకెళ్తా. మొహమాటపడకు."

ఆ మాట మాత్రం అతనికి స్పష్టంగా వినిపించింది. "కాఫీ తాగు, ఇప్పుడే వస్తా" అని షెడ్డు వెనక్కి వెళ్ళి, రేగు చెట్ల మధ్య పాత టైరు మీద కూలబడ్డాడు.

అక్కడ స్టమెన తేనెపెట్టెలకు పొగ పెడుతోంది. "ఏమయ్యా, నీ మొహమేంటి పుల్లమజ్జిగలా ఉంది?" అని గట్టిగా అరిచింది. అంతలోనే పెట్టె వైపు వేలు చూపించింది. "ఇదిగో, ఈ మూల పలక నెర్రె విచ్చింది చూడు. పొగంతా ఇటునుంచే పోతోంది. కాస్త మైనం పుయ్యకూడదూ?"

మిలిసావ్ ఆ మూలను చూశాడు. కంటికి ఆనని నెర్రె. పొగ మాత్రం దారంలా బయటికొస్తోంది. దిగ్గున లేచి ఆమె చేతిలోంచి పొగడబ్బా లాక్కున్నాడు.

"అయ్యో, ఈగలు కుడతాయి! ఓరి ముసలోడా!"

గబగబా కారు దగ్గరికొచ్చి ఇంజను ఆపి, కార్బురేటర్ మూతిని గుడ్డతో బిగించాడు. గుడ్డ మధ్యలోంచి రబ్బరు గొట్టం దూర్చి, రెండో కొసను పొగడబ్బా మూతికి తొడిగాడు. తిత్తి మెల్లగా నొక్కసాగాడు. వుకొసావ కాఫీ కప్పుతో వచ్చి, "నా కారులో తేనె పిండుతున్నావా?" అంది. స్టమెన కొంగులాంటి తలగుడ్డ సర్దుకుంటూ వంగి చూసింది.

కాసేపటికి, బ్రేకులోంచి ఇంజను గాలి లాగే లావు పైపు అడుగున, ఇనప పట్టీకి రాసుకునే వంపులో, నీలంగా సన్నటి పొగ లేచింది. మిలిసావ్ వేలు పెట్టి తడిమాడు. రబ్బరు నోరు తెరుచుకుని ఉంది.

"ఓ, అదా!" అంది వుకొసావ. "ఆ బుస అక్కడినుంచా? వారం నుంచి వింటున్నా. పాములా ఒకటే బుసలు."

మిలిసావ్ ఆమె పెదవులను చూశాడు. నమ్మలేక మళ్ళీ చూశాడు. "మరి చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? ఊళ్ళో ప్రతివాణ్ణీ అడుగుతావు, నన్ను మాత్రం అడగలేదు. నీకు వినిపిస్తూనే ఉందనుకున్నా."

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "నాకు వినపడదు వుకొసావా. రెండేళ్ళయింది" అన్నాడు.

"చెముడని మాకు తెలీదా ఏంటి? ఊరంతా నీతో అరిచి మాట్లాడేది నువ్వంటే భయమనుకున్నావా? బాగుచేసే చేతులకు ఏమీ కాలేదుగా, కానివ్వు!"

స్టమెన నవ్వాపుకోలేక తేనెపెట్టెల వైపు వెళ్ళిపోయింది. మిలిసావ్‌కు ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అతనికీ నవ్వొచ్చింది.

పాత కారు నుంచి మంచి పైపు విప్పి బిగించాడు. నిన్న తిప్పిన మరను వెనక్కి తిప్పాడు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, వణుకు సద్దుమణిగేదాకా సర్దాడు. ఆమెను వెంటబెట్టుకుని చర్చి ఎత్తు రెండుసార్లు ఎక్కించి వచ్చాక ప్లగ్గు విప్పి చూస్తే, రొట్టె పైపెచ్చులా గోధుమరంగు తిరుగుతోంది.

శనివారం పెళ్ళి బళ్ళు గేటు ముందునుంచి వెళ్ళాయి. ఆనవాయితీ ప్రకారం అద్దాలకు తువ్వాళ్ళు కట్టి ఉన్నాయి. ముందు లారీ మీద బాకాల మేళం. బాకాలు అతనికి అందలేదుగానీ పెద్ద డోలు మాత్రం పక్కటెముకల మీద మోగింది. వుకొసావ కారు ఆగకుండా ఎత్తెక్కి మలుపు తిరిగింది. చూస్తున్నంతసేపూ అతను ఊపిరి పీల్చలేదని తర్వాత స్టమెన అందరికీ చెప్పింది.

సోమవారం పొద్దున ఎప్పుడూ చూడని మనిషొకడు కారు తెచ్చాడు. మిలిసావ్ అతని ఎదురుగా నిలబడి, "కాస్త గట్టిగా చెప్పాలి బాబూ. నాకు వినపడదు" అన్నాడు.

ఆ మనిషి గొంతు చించుకుని మొదలుపెట్టాడు. బండి ఎప్పుడు కొన్నదీ, బావమరిది ఎలా పాడుచేసిందీ, ఆ బావమరిది ఎలాంటివాడో కూడా. నది అవతలి గట్టుకు కూడా వినపడేలా ఉంది.

"ఇంజను సంగతి చెప్పవయ్యా!" అని వంటింటి కిటికీలోంచి స్టమెన కేక వేసింది. "మీ ఇంటి గొడవ ఊరికెందుకు?"

"చెప్పనీవే" అన్నాడు మిలిసావ్, బానెట్ ఎత్తుతూ. "ఇప్పుడిప్పుడే వినపడుతోంది."