రోడ్డు పొరల్లో దొరికిన నీళ్ళు

ఎనభైల చివర, ఆ రోజుల్లో, నాకు ఉద్యోగం కొత్త, మీసం ఇంకా కొత్త. దేశంలోని రోడ్లన్నీ నా కోసమే ఎదురుచూస్తున్నాయనుకునేవాణ్ణి. అలాంటి నన్ను హోసూరు నుంచి కృష్ణగిరి పోయే దారిలో ఒక దిగుడు దగ్గర, మిట్టమధ్యాహ్నం ఎండలో, చక్రాల పెట్టె లాగే పనికి పెట్టారు. అంతకు ముందు అక్కడ బ్రేకు వేసిన లారీ కింద తారు పైపొర చాపలా జారి, బండి బోల్తాపడి, మూటలెత్తే యువకుడొకడు చనిపోయాడు. డ్రైవరు తాగి ఉన్నాడని ఊరంతా తేల్చేసింది. మా పెద్ద ఇంజనీరు (ఎన్నడూ నవ్వడు కాబట్టి మాకు ఆయన గంభీరం సార్) మాత్రం పాత తారుకూ కొత్త తారుకూ అతుకు పడలేదేమోనని అనుమానించి, నేలలోకి తరంగాలు పంపి పొరలను కాగితంమీద గీసి చూపే విదేశీ రాడార్‌ను తెప్పించాడు. నేను లాగే చక్రాల పెట్టె అదే.

ఆ వేసవిలో బావులు ఎండిపోయాయి. ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె, "ఏమప్పా, నీళ్ళు యాడుండాయో చూస్తా ఉండారా?" అంది.

"కాదమ్మా, తారు అంటుకుందా లేదా అని."

"అంటుకోక యాడికి పోతాది?" అని అందరూ నవ్వారు.

దిగుడు చేరగానే రాడార్ కాగితంమీద గీతలు నల్లగా ముద్దకట్టాయి. పడిన ప్రతి జల్లూ పగుళ్ళలోంచి దిగి పొరల మధ్య చిక్కుకుంది. ఆనందం పట్టలేక "సార్, నీళ్ళు!" అని అరిచాను. బిందెలన్నీ పరుగెత్తుకొచ్చాయి (వెనకాలే మా జీపు డ్రైవరు, డబ్బాతో). తవ్వి చూస్తే పైపొర పెనం మీది దోసెలా లేచివచ్చింది. కింద ఉన్నది వేలు తడిసేంత చెమ్మ.

బిందె లేకుండా నిలబడ్డ ఒకామె ముందుకొచ్చింది. చనిపోయిన వాడి తల్లి.

"ఈ తడికేనాప్పా నా బిడ్డ పోయింది?"

"అవునమ్మా. లారీ డ్రైవరు తప్పు కాదు."

ఆమె రోడ్డుమీదే కూలబడింది. "ఆ డ్రైవరు నా తమ్ముడప్పా. నా బిడ్డను చంపినావని తిట్టినాను. వాకిట్లోకి గూడా రానీలేదు." లేచి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వూ రాప్పా. నేను చెప్తే వాడు నమ్మడు."

గంభీరం సార్ జీపు తలుపు తెరిచాడు.

తమ్ముడు తన ఇంట్లో కాలికి కట్టుతో, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను గొంతు సవరించుకుని పొరలు, తరంగాలు, అతుకు అంటూ కాలేజీలో చదివినదంతా వల్లించాను. అతనికి ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. గుమ్మంలో ఏడుస్తున్న అక్కను చూసి, "అక్కా, అన్నం పెడతావా?" అన్నాడు.

రాడార్ మీద నా మొదటి ఉపన్యాసం అదే. తరవాత పెద్దపెద్ద హాళ్ళలో ఎన్నో ఇచ్చాను. చప్పట్లూ కొట్టారు. అంత పనికొచ్చింది మాత్రం మరొకటి లేదు.